టంకశాల నూకాలు మూడో జోల

జరుగు, కాస్త గోడవైపుకి జరుగు. ఈ నడుం వాల్చుకోవడానికి జానెడు చోటివ్వవే తల్లీ. పొద్దున్న కోడికంటే ముందు లేచిన నడుం ఇది. ఆ కోడి కూడా ఈపాటికి పడుకుంది, నాకే ఇంకా పని తెమల్లేదు. పాలు కాచి దించాను. అవి చల్లారితే తోడెయ్యాలి. ఆ చల్లారే లోపల నీకో కథ చెప్పేస్తా.

ఆ పిడికిట్లో ఏమిటే బుడ్డీ? రూపాయి బిళ్ళా? తాత ఇచ్చాడా? మరి అది తాత జేబులోకి రాకముందు ఎక్కడుందో అడిగావా? అడగవులే. డబ్బిచ్చేవాణ్ణి ఎక్కడిదని ఎవరూ అడగరు. సరే, దాన్ని తలగడ కింద పెట్టుకో, నేను చెబుతా. ఊఁ కొట్టాలి మరి. నీ ఊఁ ఎక్కడ ఆగితే నా కథ అక్కడ ఆగుతుంది.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి నిద్ర లేదు.

ఎందుకు లేదంటే, ఊరి నడిమధ్యన ఒక టంకశాల ఉండేది. టంకశాలంటే నాణేలు పుట్టే ఇల్లు. రాజ్యం మొత్తానికి కావలసిన బిళ్ళలన్నీ ఆ ఒక్క ఇంట్లోనే పుట్టాలి. ఇంకెక్కడ పుట్టినా పురుడు పోసినవాడి తల తీసేస్తారు. అందుకని అక్కడ తెల్లారకుండానే ధన్‌మని చప్పుడు మొదలైతే, రాత్రి తొలిజాము దాటేదాకా ధన్, ధన్, ధన్. ఊళ్ళో పిల్లలు ఆ చప్పుడుకి ఉలిక్కిపడేవాళ్ళు కాదు. అది ఆగితేనే ఉలిక్కిపడేవాళ్ళు.

ఆ టంకశాలకి ఏడు గదులు.

మొదటి గదిలో రాగి కరిగించేవాళ్ళు. మట్టి మూసలో రాగి ముక్కలు పడేసి, తిత్తులు ఊది ఊది, పాకంలా అయ్యాక అచ్చుల్లో పోస్తే కడ్డీలయ్యేవి. ఆ తర్వాత రెండో గదిలో ఆ కడ్డీల్ని సాగదీసేవాళ్ళు. చెరుకు గానుగ చూశావుగా? అలాంటివే రెండు ఇనప గుండ్లు. ఒకసారి పెడితే కడ్డీ పలక అవుతుంది, రెండోసారి పెడితే రేకు అవుతుంది, మూడోసారి పెడితే సరిగ్గా బిళ్ళ మందానికి వస్తుంది. ఆ తర్వాత మూడో గదిలో ఆ రేకులోంచి గుండ్రంగా బిళ్ళలు కొట్టేవాళ్ళు. నేను పిండి మీద గ్లాసు బోర్లించి నొక్కుతానే, అచ్చం అలాగే. మిగిలిన చిల్లుల రేకు మళ్ళీ మొదటి గదికే పోతుంది, కరగడానికి. అక్కడ ఏదీ వృథా కాదు, మనుషుల ఒళ్ళు తప్ప.

ఆ బిళ్ళలకి ఇంకా మొహం ఉండదు. మొహం పడేది ఆరో గదిలో. ఏడో గదిలో ఆడవాళ్ళు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వంకరవీ సొట్టవీ ఏరిపారేసేవాళ్ళు.

మరి నాలుగూ అయిదూ ఏవీ అంటావా? లెక్క బాగానే పెడుతున్నావే! అయిదోది తోమే గది. చింతపండు నీళ్ళలో నానబెట్టి, పొట్టుతో రుద్దితే నల్లబడ్డ బిళ్ళలు తళతళమనేవి. నాలుగో గదిలోనే మన కథ ఉంది.

రాగి ఉంది చూశావూ, దానికి పౌరుషం ఎక్కువ. సాగదీసి, నలిపి, కొట్టేసరికి అది లోపల్లోపల బిగుసుకుపోతుంది. పొద్దస్తమానం దెబ్బలు తిన్నవాళ్ళు బిగుసుకుపోరూ? అంతే అదీ. బిగుసుకున్న బిళ్ళ మీద అచ్చు పడదు. అప్పుడు దాన్ని ఇనప పెట్టెలో పెట్టి, కొలిమిలోకి తోసి, ఎర్రగా కాగనివ్వాలి. ఆ తర్వాత మంట ఆపి, తలుపు మూసేసి, ఎవరూ ముట్టుకోకుండా చల్లారనివ్వాలి. అప్పుడు మళ్ళీ మెత్తబడుతుంది. టంకశాలవాళ్ళు దాన్ని నిద్రపుచ్చడం అనేవాళ్ళు.

ఎంతసేపు కాగాలి? తక్కువైతే మెత్తబడదు, ఎక్కువైతే ఒంటినిండా పొక్కులొస్తాయి. ఆ రోజుల్లో గడియారమా పాడా. కొలిమి దగ్గర నూకాలని ఒకావిడ ఉండేది. ఆవిడ జోలపాటతో కొలిచేది. వాళ్ళమ్మ నేర్పిన కొలత, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. జోలంటే నేను నీకు పాడే నాలుగు ముక్కలు కాదు, ముప్ఫై చరణాల జోల. నిదానంగా రెండు జోలలు పాడితే బిళ్ళలు కాగేవి. మూడో జోల పాడితే చల్లారేవి. పెట్టెకి మూడు జోలలు. రోజుకి ఎనిమిది పెట్టెలు. ఊఁ?

నూకాలుకి ఒక కూతురు. పేరు వరాలు. అయిదేళ్ళది, నీకంటే కాస్త పొట్టి, నీ అంత మొండి. అమ్మ జోల పాడితే తప్ప దానికి కన్ను మూతపడదు.

వాళ్ళ నాన్న లేడా అంటావా? ఎందుకు లేడూ, ఉన్నాడు. రెండో గదిలో గుండ్లు తిప్పేవాడు. ఇంటికొచ్చి తను కూడా రేకులాగే సాగి పడుకునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు.

నూకాలుకి పని అయిపోగానే ఇంటికెళ్ళే భాగ్యం లేదు. టంకశాలలోకి వెళ్ళేటప్పుడు కట్టిన చీర బయటే విప్పేసి, వాళ్ళిచ్చిన గుడ్డ కట్టుకోవాలి. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర దుర్గి అని ఒక కాపలావిడ కూర్చునేది, దువ్వెన పట్టుకుని. నోరు తెరిపించి చూసేది, గోళ్ళు చూసేది. ఆ తర్వాత ముడి విప్పించి మూడుసార్లు దువ్వేది, ఒక్క బిళ్ళయినా జారుతుందేమోనని. పెద్ద రాణిగారి తోబుట్టువైనా సరే, ఆ దువ్వెన తప్పదు.

"ముప్ఫై ఏళ్ళ నుంచి దువ్వుతున్నావే దుర్గీ, ఒక్క పేనైనా దొరికిందా?" అనేది నూకాలు.

"దొరికినా రాజుగారి ఖజానాకే జమ," అనేది దుర్గి, నవ్వకుండా.

అప్పుడు నూకాలు విరబోసుకున్న జుట్టుతోనే ఇంటికి పోయేది. వీధరుగు మీద వరాలు చిన్న దువ్వెన పట్టుకుని కూర్చుని ఉండేది. అమ్మ జుట్టు జడ వేయడం దాని పని. జడ వేయించుకుంటూ జోల పాడటం అమ్మ పని. కానీ పొద్దుట్నించీ రాగి బిళ్ళలకి పాడి పాడి నూకాలు గొంతులో ఏం మిగులుతుంది? ఒక రోజు సగం జోల వచ్చేది. ఒక రోజు ఒక్క చరణం. ఒక్కోరోజు పెదాలు కదిలేవి, పాట వచ్చేది కాదు.

"అమ్మా, ఆ బిళ్ళలకి నువ్వు అమ్మవా, నాకా?" అని అడిగింది వరాలు.

ఏం చెబుతుంది? గొంతుంటే కదా.

ఊఁ? అదీ, అలా గట్టిగా కొట్టు.

అప్పుడేమైందంటే, రాజుగారు గద్దెనెక్కి పాతికేళ్ళయింది. పున్నమినాటికి ఇంటింటికీ ఒక కొత్త బిళ్ళ పంచాలన్నాడు, తన మొహం ఉన్నది. ఇంటింటికీ మానెడు బియ్యం పంచుదామని తోచలేదు, మొహం పంచుదామని తోచింది.

అచ్చులు చెక్కే ముసలాయన అప్పన్న, మూడు నెలలకొకటి చొప్పున తొమ్మిది నెలలు కూర్చుని, ఉక్కులో రాజుగారి మొహం మూడు అచ్చులు చెక్కాడు. అచ్చులో గుంట ఉంటే బిళ్ళ మీద గుట్ట లేస్తుంది. అందుకని మొహమంతా లోపలికి చెక్కాలి. రాజుగారి ముక్కు తక్కువదేం కాదు, ముదిరిన దొండకాయ. దానికోసం అన్నిటికంటే లోతుగా గుంట తవ్వాడు పాపం.

బిళ్ళలు తొందరగా కావాలని రాజుగారు టంకశాల మీద ఒక అధికారిని వేశాడు. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ తొందరయ్య అనేవాళ్ళు. నడవడు, ఉరుకుతాడు. అన్నం నమలడు, మింగుతాడు. అతను ఏడు గదులూ చుట్టబెట్టి, నాలుగో గది గుమ్మంలో ఆగాడు. లోపల కొలిమి తలుపు మూసి ఉంది. నూకాలు పీట మీద కూర్చుని మూడో జోల పాడుతోంది.

"ఏమిటిది?" అన్నాడు.

"చల్లారుతున్నాయి బాబూ," అంది నూకాలు, చరణానికీ చరణానికీ మధ్యన.

"ఆరు గదులు పనిచేస్తుంటే ఒక గది కూర్చుని పాట పాడుతుందా! జీతమిచ్చి జోల పాడించుకోవడానికి బిళ్ళలేమైనా చంటిపిల్లలా? రేపట్నించి ఈ గది మూసెయ్యండి. మూడో గదిలోంచి బిళ్ళలు తిన్నగా అయిదో గదికి పోవాలి. నువ్వు తట్ట మొయ్యి."

"నిద్రపుచ్చకపోతే మొహం పడదు బాబూ."

"నిద్ర! ఈ రాజ్యంలో అందరికీ నిద్రే కావాలి," అన్నాడు తొందరయ్య. అని అతను కూడా ఆవలించాడు, పాపం, నాలుగు రోజుల్నించి పడుకోలేదు. పడుకోనివాడు ఇంకొకణ్ణి పడుకోనివ్వడు, గుర్తుపెట్టుకో.

నాలుగో గదికి తాళం పడింది. నూకాలు తట్ట మోసింది. పనివేళ కూడా పెరిగింది. తొలిజాము కాదు, రెండో జాము దాటేదాకా ధన్, ధన్. ఇప్పుడు నూకాలుకి గొంతు మిగిలింది. రోజంతా పాట లేదుగా, ముప్ఫై చరణాలకీ సరిపడా గొంతు మిగిలింది. దాన్ని మోసుకుని, దువ్వెనకి మూడుసార్లు తలొంచి, ఇల్లు చేరేసరికి వరాలు అరుగు మీదే ఏడ్చి ఏడ్చి పడిపోయి ఉండేది. చేతిలో దువ్వెన అలాగే ఉండేది.

గొంతు ఉన్నప్పుడు వినే చెవులు లేవు. వినే చెవులు ఉన్నన్నాళ్ళూ గొంతు లేకపోయింది. విరబోసిన జుట్టుతోనే పిల్లని ఎత్తుకుని లోపల పడుకోబెట్టేది. మళ్ళీ తెల్లారకుండానే వెళ్ళిపోయేది. అలా ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. మూడో రోజుకి వరాలు అమ్మ మొహం సరిగ్గా చూసి మూడు రోజులైంది.

ఊఁ? ఉన్నావా? ఉన్నావులే.

ఆ తర్వాత ఆరో గదిలో అచ్చు కొట్టడం మొదలైంది. ఎలా కొడతారంటే, కింద ఒక ఉక్కు అచ్చు. దానిమీద బిళ్ళ పెడతారు. పైన మోకు కట్టిన ఇనప దిమ్మె, దాని అడుగున రాజుగారి మొహమున్న అచ్చు. నలుగురు మగాళ్ళు మోకు లాగి నిలువెత్తు లేపి ఒక్కసారి వదిలేస్తే, ధన్! మెత్తటి బిళ్ళయితే ఆ దెబ్బకి గుంటలన్నిట్లోకీ పాకి మొహం తెచ్చుకుంటుంది.

కానీ ఇవి నిద్రలేని బిళ్ళలు. బిగుసుకుని ఉన్నాయి. మొదటి రోజు కొడితే బుగ్గలొచ్చాయి, చెవులొచ్చాయి, మీసం వచ్చింది. ముక్కు రాలేదు. అంత లోతు గుంటలోకి బిళ్ళ దిగలేదు మరి. ఏడో గదిలో ఆడవాళ్ళు ఏరుతూ ఏరుతూ ఒకటే నవ్వు.

"ఒసే, రాజుగారికి జలుబు చేసిందే! చీది చీది ముక్కు ఊడబెరుక్కున్నాడే!"

అప్పుడు తొందరయ్య, "ఇంకా గట్టిగా కొట్టండి," అన్నాడు. తెలివి తక్కువైన చోట బలం ఎక్కువ పెట్టమంటారు కదా. రెండో రోజు రెండు నిలువుల ఎత్తునుంచి దిమ్మె వదిలారు. సగం ముక్కు వచ్చింది. కానీ అచ్చు మొహం నుదుటి నుంచి గడ్డం దాకా చిట్లింది. ఆ చిట్లు ప్రతి బిళ్ళ మీదా గీతలా లేచింది. రాణిగారికి చూపిస్తే, "అచ్చం మీరేనండీ. కోపమొచ్చినప్పుడు లేచే నరం కూడా వేశారు," అంది.

అప్పుడు తొందరయ్య, "ఇంకా గట్టిగా," అన్నాడు. మూడో రోజు రెండో అచ్చు బిగించి మూడు నిలువుల ఎత్తునుంచి వదిలారు. ఆ దెబ్బకి అచ్చు రెండు చెక్కలైపోయింది. ఒక చెక్క ఎగిరొచ్చి తొందరయ్య తలపాగా ఎత్తుకుపోయింది. తలపాగాతో పోయింది, తలతో పోవాల్సింది.

మిగిలింది ఒక్క అచ్చు. పున్నమికి మిగిలింది మూడు రోజులు. అప్పన్న ఆ ఒక్క అచ్చునీ గుండెకి హత్తుకుని మూల కూర్చున్నాడు.

"ఇవ్వనయ్యా. తొమ్మిది నెలలు మోశాను ఈ ముగ్గుర్నీ. ఇద్దర్ని చంపారు. దీన్ని మాత్రం ఇవ్వను," అని ఏడ్చాడు.

విషయం రాజుగారికి తెలిసింది. తనే దిగి వచ్చాడు. తొందరయ్య తప్పు ఎవరి మీద పెడదామా అని చూశాడు. పెద్దవాళ్ళ తప్పులు మోయడానికి తట్ట మోసేవాళ్ళు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటారు.

"మహాప్రభో, ఆ నూకాలు! పాట మాన్పించానని పగబట్టి బిళ్ళలకి దిష్టి పెట్టింది!"

నూకాల్ని తట్టతో సహా తెచ్చి నిలబెట్టారు.

"ఏం చేశావు నా ముక్కుని?" అన్నాడు రాజు.

నూకాలు భయపడలేదు. ధైర్యం ఉండి కాదు. భయపడటానికి కూడా ఓపిక కావాలి, ఆవిడ దగ్గర అది అయిపోయింది. తట్టలోంచి ఒక బిళ్ళ తీసి రాజుగారి చేతిలో పెట్టింది.

"వంచండి మహారాజా."

రాజు వంచబోయాడు. వంగలేదు. పక్కనున్న భటుడు వంచబోయాడు. వంగలేదు. తొందరయ్య పళ్ళతో కొరికాడు. పన్ను కదిలింది.

"మీ ఇంట్లో గవ్వలు చేస్తారా మహారాజా?" అంది నూకాలు. "పిండి కలపగానే చెక్క మీద పెట్టి నొక్కితే గీతలు పడతాయా? తడిగుడ్డ కప్పి కాసేపు వదిలెయ్యాలి కదా! ఇదీ అంతే. దీన్ని కాల్చారు, సాగదీశారు, కొట్టారు. బిగుసుకుపోయింది. ఎంత గట్టిగా కొడితే అంత మొండికేస్తుంది. నిద్రపోనివ్వకుండా మొహం మాత్రం తెచ్చుకోమంటే ఎక్కణ్ణించి తెస్తుంది?"

"ఎంతసేపు పడుతుంది?"

"మూడు జోలలు. బిళ్ళలు కొట్టే చప్పుడుంటే నాకు చరణాలు తప్పిపోతాయి. ఆపించండి."

రాజుగారికి ముక్కు కావాలి. చెయ్యి ఎత్తాడు. ధన్ ఆగింది. ఊళ్ళో అందరూ ఉలిక్కిపడ్డారు.

అప్పుడు నాలుగో గది తాళం తీశారు. నూకాలు కొలిమి రాజేసి, పెట్టె లోపలికి తోసి, పీట మీద కూర్చుని మొదటి జోల ఎత్తుకుంది. మోకు లాగే మగాళ్ళు గోడకి చేరగిలబడ్డారు. రెండో జోల ఎత్తుకుంది. గుండ్లు తిప్పేవాళ్ళు, మూసలు దించేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఒరిగిపోయారు. తొందరయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు. మంట ఆపి, తలుపు మూసి, మూడో జోల ఎత్తుకుంది. రాజుగారు కిరీటం ఒళ్ళో పెట్టుకుని గుర్రు పెట్టాడు. ఆ గుర్రంతా ముక్కులోంచే వచ్చింది. ఆ జోల వింటూ మెలకువగా ఉన్నది ఇద్దరే. ఒకతి పాడే నూకాలు. ఇంకొకతి గుమ్మం దగ్గర దుర్గి. దానికి నిద్ర రాదు, అనుమానం తప్ప.

జోల అయ్యాక నూకాలు తలుపు తీసి, బిళ్ళలు తోమించింది. ఒక బిళ్ళ తీసి రెండు వేళ్ళతో వంచింది. తమలపాకులా వంగింది. అప్పుడు అప్పన్న కళ్ళు తుడుచుకుని మూడో అచ్చు ఇచ్చాడు. దిమ్మెని ఒక్క నిలువే లేపి వదిలారు. ధన్. చూస్తే నిండా ముక్కు! ముక్కు పక్కనున్న పుట్టుమచ్చ కూడా వచ్చేసింది.

రాజుగారికి బుద్ధొచ్చిందా అంటావా? రాలేదు. ముక్కొచ్చింది.

ఆయన బిళ్ళని అటూ ఇటూ తిప్పుకుని మురిసిపోయి, "ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"దీపాలు పెట్టే వేళకి ఇంటికెళ్ళాలి," అంది నూకాలు.

"అంతేనా?"

"అంతే. అదే ఇన్నాళ్ళూ దొరకలేదు."

తొందరయ్య అడ్డం పడ్డాడు. "అదెలా కుదురుతుంది మహాప్రభో! దీపాల వేళకి పోతే ఆఖరి పెట్టెకి మూడో జోల ఎవరు పాడతారు?"

"ఎవరూ పాడక్కర్లేదు," అంది నూకాలు. "కాగేటప్పుడు మనిషి కావాలి. చల్లారడానికి మనిషెందుకు? పగలైతే తలుపు ఎప్పుడు తియ్యాలో తెలియడానికి పాడతాను. ఆఖరి పెట్టె తలుపు తెల్లారాక తియ్యండి. కొలిమికి రెండు జోలలు ఇస్తాను. ఆ మూడోది కొలిమిది కాదు, నాది."

రాజు ఊఁ అన్నాడు. చూశావా, రాజులు కూడా ఊఁ కొడతారు, కావలసింది దక్కాక.

ఆ తర్వాత సంగతి తొందరయ్యకి తట్టలేదు. నూకాలు కొలిమి మూసేస్తే మెత్తటి బిళ్ళ లేదు. మెత్తటి బిళ్ళ లేకపోతే దిమ్మెకి పని లేదు. దిమ్మెకి పని లేకపోతే మోకు లాగేవాళ్ళకి, ఏరేవాళ్ళకి, తోమేవాళ్ళకి పని లేదు. ఒక్క మనిషి దీపాల వేళకి లేచేసరికి ఏడు గదులూ దీపాల వేళకి లేచాయి. ఆ వేళ నుంచి ఊరికి నిద్ర వచ్చింది.

వెళ్ళేటప్పుడు రాజుగారు ఆ ముక్కున్న మొదటి బిళ్ళ నూకాలు చేతిలో పెట్టాడు, బహుమానంగా. గుమ్మం దగ్గర దుర్గి చెయ్యి చాచింది.

"రాజుగారే ఇచ్చారే."

"చట్టమూ రాజుగారే ఇచ్చారు," అంది దుర్గి. బిళ్ళ లాక్కుని పెట్టెలో వేసుకుంది. ఆ తర్వాత నోరు తెరిపించి చూసింది, గోళ్ళు చూసింది, ముడి విప్పించి మూడుసార్లు దువ్వింది.

"ఇంకేం లేదుగా?"

"నువ్వే చూశావుగా," అంది నూకాలు.

నోరంతా వెతికిన మనిషికి గొంతులో దాచిన మూడో జోల దొరకలేదు. నూకాలు దాన్ని పట్టుకుని, ఇంకా వెలుతురు ఉండగానే, వీధి మలుపు తిరిగింది. అరుగు మీద వరాలు లేచి నిలబడింది. పక్కకి జరిగి చోటిచ్చింది. అమ్మ కూర్చుంటే వెనక చేరి జుట్టు మూడు పాయలు తీసింది. నూకాలు పాట ఎత్తుకుంది. అక్కడ కొలిమిలో ఆఖరి పెట్టె చల్లారుతోంది, ఇక్కడ పిల్ల చెయ్యి నెమ్మదిస్తోంది. పన్నెండో చరణానికి జడ సగంలో ఆగిపోయింది. జడ మీదే తల వాల్చి పడుకుంది వరాలు. మిగతా పద్ధెనిమిది చరణాలూ కూడా పాడింది నూకాలు. ఇంటి దగ్గర మొత్తం జోల పాడి ఎన్నాళ్ళయిందో!

ఏం పాడిందంటావా? ఇదీ, విను.

జో జో రాగమ్మ జో జో,
కరిగిన ఒళ్ళు చల్లారె జో జో.
జో జో రేకమ్మ జో జో,
సాగిన నడుము వాలేను జో జో.

మొగము లేదని బెంగేల బిళ్ళా?
తెల్లారనీ, అదె వచ్చునే మెల్లా.
కొట్టిన చేతికి కునుకొచ్చె నేడు,
లాగిన మోకుకి సెలవిచ్చె రేడు.

దువ్వెన వెదికిన దొరకదీ పాట,
వేయేళ్ళ నుండీ అమ్మల మూట.
సగమల్లి ఆగిన జడమీద జో జో,
సగమైన ఊఁ మీద నా తల్లి జో జో.

ఊఁ?

బుడ్డీ? ఊఁ?

పడుకుంది. పిడికిలి మాత్రం ఇంకా విప్పలేదు, తలగడ కింద పెట్టమంటే వినలేదు. ఉండనీలే, నీ జుట్టు దువ్వేవాళ్ళు ఎవరూ లేరిక్కడ. పాలు కూడా చల్లారి ఉంటాయి ఈపాటికి. అబ్బా, ఈ మోకాలు!

కథేమో కంచికి,
నూకాలు ఇంటికి,
కునుకేమో కంటికి,
అమ్మమ్మ వంటింటికి.